రెండు వందల పన్నెండో పేజీ

డాన్‌కాస్టర్ ఊరి చివర
మూసేసిన బొగ్గుగని నెత్తిన కట్టిన గోదాములో
నాది రాత్రి షిఫ్ట్.
మా కొత్తగూడెంలో భూమి కిందకి దిగేవాళ్లు.
ఇక్కడ దిగక్కర్లేదు,
చీకటే పైకొచ్చి కూచుంది.

మణికట్టు మీది స్కానర్ నా ఊపిరికి మేస్త్రీ.
వస్తువుకి తొమ్మిది సెకన్లు.
పదో సెకను నా పేరు మీద అప్పు.

ఈ నెల ప్రళయం బాగా అమ్ముడుపోతోంది.
చివరి మనిషి, చివరి చెట్టు, చివరి కుక్క,
పాలెట్ల కొద్దీ పంపాను.
మునిగిపోయిన ఆ నగరాల్లో కూడా
ఎవడో ఒకడు పడవేసుకొచ్చి
అద్దె వసూలు చేస్తూనే ఉంటాడు.

ఎనభై ఎనిమిదో వరుస, కింది అర.
బొమ్మ లేని అట్టతో పలచటి నవల, రెండే కాపీలు.
తెరిచిన చోట ఒక పిల్ల
అద్దె అంటే ఏంటో తెలీక
నిఘంటువులో వెతుక్కుంటోంది.

నవ్వొచ్చింది.
పదకొండు సెకన్లు పోయాయి.

గ్లెనిస్‌కి చెప్పాను.
వాళ్ల నాన్న ఈ గనిలోనే చేశాడు,
సమ్మె ఏడాది పొయ్యిలోకి పెరటి తలుపే పోయిందట.
ఆమె నలభయ్యో పేజీ తెచ్చింది.
డోరినెల్ ట్రాలీ తోస్తూ యాభై రెండు చదివాడు,
ఇంగ్లీషు అందని చోట చేతులతో చెప్పాడు.
ఇద్రీస్‌కి దొరికింది
గల్లాపెట్టె లేని రొట్టెల దుకాణం.
పుస్తకం అరలోనే ఉంది.
మేం తీసుకుంది సెకన్లే,
అవి మొదట్నుంచీ మావే.

నిజం చెప్పాలి, ఆశకీ బార్‌కోడ్ ఉంది.
ఎనిమిది పౌండ్ల తొంభై తొమ్మిది పెన్నీలు.
రాసినావిడకి అందులో ఎంతొస్తుందో.

మంగళవారం రెండో కాపీ కూడా పోయింది.
అట్టపెట్టెకి టేపు అతికించింది నేనే.
ఇన్వర్‌నెస్‌లో ఎవరో ఇప్పుడు చదువుతూ ఉంటారు.
మేం రెండు వందల పన్నెండు దగ్గర ఆగిపోయాం:
ఊరంతా వంతెన మీద,
అవతల పోలీసు గుర్రాలు.

మూడుంబావుకి విరామం.
"గుర్రాలు వెనక్కి తిరగవు, నేను చూశాను" అంది గ్లెనిస్.
"అయితే అక్కడే పొయ్యి వెలిగిస్తారు,
ఆకలి గుర్రాల మీద వాళ్లకీ ఉంటుందిగా" అన్నాడు ఇద్రీస్.
డోరినెల్ రొట్టె అంచులతో బల్ల మీద వంతెన కడుతున్నాడు.
నేను ఆ పిల్లని ముందు నిలబెట్టాను,
చంకలో నిఘంటువు.
"పిల్లల్ని ముందు పెట్టకు."
గ్లెనిస్ గొంతు అలా ఉండగా ఎప్పుడూ వినలేదు.
పిల్లని వెనక్కి తెచ్చాను.

గంట మోగింది.
వంతెన ఇంకా సగమే అయింది.
నాలుగు మణికట్ల మీద ఎర్రదీపాలు.
పక్క బల్ల వాళ్లు
కుర్చీలు ఇటు జరుపుకున్నారు.