ఇనుము లేని నలభై నిమిషాలు

రాత్రి తొమ్మిదిన్నరకి తీసుకొచ్చారు,
లూసియానా చెరుకు పొలాల మీంచి పొగ ఇంకా పోలేదు,
మామూలు రోగులంతా వెళ్ళిపోయాక,
మాసిన దుప్పట్లు దిగే వెనక తలుపు గుండా.
ఆల్సీడ్ బ్రూసార్. వయసు నలభై ఆరు.
ఫారంలో 'వృత్తి' అన్నచోట ఎవరో అడ్డగీత గీశారు.

లోపలికి ఇనుము రాకూడదన్నాను.
గార్డులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ఆ గదిలో అయస్కాంతానికి నిద్ర లేదు,
మనం ఆపేశామనుకున్నప్పుడు కూడా.
తాళంచెవులు, పిస్తోలు, బెల్టు బకిలు,
కాలి గొలుసు, నడుం గొలుసు, బేడీలు
రోగులు పెళ్ళి ఉంగరాలు పెట్టే నీలం ట్రేలో
పట్టలేదు. ఇంకో ట్రే తెచ్చాను.

ప్లాస్టిక్ పట్టీతో మణికట్లు కట్టారు.
రెండడుగులు వేసి ఆగిపోయాడతను.
ఇరవై రెండేళ్ళు చప్పుడుతో నడిచినవాడు,
తన అడుగు తనకి వినపడక.

"నాకొచ్చే కల కూడా పడుతుందా ఇందులో?"
పడదన్నాను.
"మంచిది" అన్నాడు.

నలభై నిమిషాలు రంపాలూ సుత్తులూ.
మధ్యలో మైకులో, అందరితో అనే మాటే, అలవాటుగా:
"కదలకుండా ఉన్నందుకు థాంక్స్."
తెరమీద బొమ్మ చెదిరిపోయింది.
ఆ వరస మళ్ళీ తీయాల్సి వచ్చింది.

ముందు భాగంలో, ఎడమ పక్క,
పెకాన్ గింజంత నల్లటి ఖాళీ.
ఏడేళ్ళప్పుడు చెరుకు లారీ మీంచి పడ్డాడట.
మూడు రోజులు నిద్రపోయి లేచి
పేరడిగితే కుక్క పేరు చెప్పాడని
అప్పీలు కోర్టులో వాళ్ళ పెద్దమ్మ చెప్పింది,
నవ్వబోయి, ఎక్కడున్నదో గుర్తొచ్చి.

డిఫెన్సు డాక్టరు తెరమీద ఎర్ర చుక్క ఆడించాడు:
"బ్రేకు ఉండాల్సింది ఇక్కడ. లేదు."
ప్రభుత్వ డాక్టరు అదే చుక్క అడిగి తీసుకున్నాడు:
"ఇంత ఖాళీతో ఇన్సూరెన్సు అమ్మేవాళ్ళున్నారు,
చర్చిలో పాడేవాళ్ళున్నారు."
ఇద్దరిదీ అబద్ధం కాదు. కష్టమంతా అదే.

నన్నడిగింది ఒక్కటే:
ఆ రాత్రి మిషను సరిగ్గా పనిచేసిందా?
చేసిందన్నాను. దిగమన్నారు.
నుదుటి మీది రాత సంగతి నాకు తెలీదు,
నుదుటి వెనకది కూడా నేను చదవను,
తీసిస్తాను.

ముందు వరసలో వెర్నా టూసాన్,
పెట్రోలు బంకు కౌంటరు వెనక చనిపోయిన
డెల్ఫీన్‌కి అక్క.
మధ్యాహ్నం దాకా తెర వైపు తిరగలేదు.
విరామంలో నీళ్ళ కుళాయి దగ్గర
నేనడక్కుండానే కాగితం మడత విప్పింది.
శవపరీక్ష. రెండో పేజీ.
మెదడు: పన్నెండు వందల డెబ్బై గ్రాములు.
"మా చెల్లిది కూడా చూశారు" అంది,
"తక్కెడలో వేసి.
ఏ మూల ఏ పాట ఉండేదో
దానికెవరూ చుక్క పెట్టి చూపించలేదు."

కాగితం కప్పులో నీళ్ళు పట్టి ఇచ్చాను.
తాగలేదు, పట్టుకునే లోపలికెళ్ళింది.

తీర్పు ఇంకా రాలేదు.

ఇవాళ పొద్దున్న తొమ్మిదేళ్ళ పిల్ల, తలనొప్పి,
చెవిపోగులు తీసి ట్రేలో వేయబోతూ
అడుగున గీతలేంటని అడిగింది.
వేరే ట్రే ఇచ్చాను.
అందులోనూ ఉన్నాయి.