చప్పుడు కొలిచిన రాత్రి

కాకినాడ కాలేజీ నుంచి సువార్తమ్మ వచ్చింది.
భుజాన సంచీ, సంచీలో మీటరు,
మీటరు కొసన నురగటోపీ పెట్టుకున్న మైకు.
"ఏసుపాదం గారూ, చప్పుడు పెరిగిందనిపిస్తే
ఈ మీటని పైకి తొయ్యండి,
తగ్గిందనిపిస్తే కిందికి.
అసలెంతో మీటరు చూసుకుంటుంది,
అనిపించడం మీ పని" అంది.

పదహారేళ్ళుగా రొయ్యల చెరువు గట్టున కాపలా నాది.
మేత ఎంతయిందన్నారు, డీజిలెంతన్నారు,
ఏమనిపిస్తోందని అడిగిన మనిషి లేడు.
మీటని గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

ఎండ వాలకముందు రేవులో కూర్చోబెట్టింది.
నర్సాపురం వైపు నుంచి పంటు బయల్దేరింది.
అది సగం ఏరు దాటకుండానే
నా వేలు ఒడ్డెక్కేసింది.
మోటారుసైకిళ్ళని, గంపల్ని, ఒక పెళ్ళి బ్యాండుని దింపి
అదే పంటు వెనక్కి పోతుంటే
వేలు తీరుబడిగా, అరువు తీర్చేవాడిలా, జారింది.
అదే ఇంజను. అదే దూరం. అంకెలూ అవే.
"అందరికీ ఇంతేనండి,
వచ్చేది పెద్దగా, పోయేది చిన్నగా."
ఆయ్, ఉండదా మరి!
ఎర్రనీరు ఎక్కిన రాత్రి హోరు
మా లంకలో పసివాడు కూడా చెబుతాడు.
దిగిపోయిన రోజు చప్పుడు
ఎవడికి గుర్తు?

గట్టు మీద నీటికాకులు వాలితే
రేకుడబ్బా మీద ఒక్కటిచ్చాను.
మీటరు ముల్లు ఎగిరిపడింది, నా వేలు అంతగా కాదు.
వరసగా వాయిస్తే అదే దెబ్బ లావెక్కింది.
చెవి కూడా గ్లాసులాంటిదేనట,
నిండడానికి కాస్త వ్యవధి కావాలట.

ఆరున్నరకి ఏరేటర్లు ఎనిమిదీ ఒక్కసారి అందుకున్నాయి,
నీళ్ళ చెంపలు వాయిస్తూ.
మీట చివరంటా పోయింది.
పావుగంటకి సగంలో ఉంది.
ఏడున్నరకి అడుగున పడుకుంది.
సువార్తమ్మ అంకె చూపించింది, ఆరున్నరకున్నదే.
"మరా రొద ఎటు పోయిందమ్మా?"
"మీరే ఎక్కడో దాచేశారు" అంది నవ్వుతూ.

మా మార్తమ్మ పీచు మిల్లులో చేసే రోజుల్లో
యంత్రం పక్కన గుసగుసలు వినేది.
ఇంటికొచ్చి మాత్రం
గోడగడియారం ఆపెయ్యమనేది,
తలలో మేకు దింపుతోందని.
అప్పుడు తిట్టాను.
ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

ఒంటిగంట ఇరవైకి కరెంటు పోయింది.

నులకమంచం మీద సువార్తమ్మ నిద్రలో ఉంది.
రెక్కలు ఆగి, చివరి నీటిబొట్లు రాలి,
చెరువు నోరు మూసుకుంది.
నా వేలు మీటని పైకి,
ఇంకా పైకి, గాడి విరిగేలా తోసింది.
తర్వాత నేను లేను అక్కడ,
షెడ్డులో జనరేటరు తాడు లాగుతున్నాను.
గాలందక పిల్లలు పైకి తేలతాయి,
అరగంట చాలు, పంటంతా తెల్లబడిపోవడానికి.
మూడోసారికి దగ్గింది. ఐదోసారికి అందుకుంది.
మళ్ళీ ఆ రొదంతా వచ్చింది,
వచ్చి, ఎప్పట్లాగే, వినబడకుండా పోయింది.

పొద్దున్నే టీ తాగుతూ గీతల కాగితం పరిచింది.
"ఇక్కడ మీ చెయ్యి జారినట్టుంది.
చప్పుడే లేనిచోట కొండ గీశారు."
"జారలేదమ్మా.
రాత్రంతటికీ పెద్ద చప్పుడు అదే."
కొట్టెయ్యడానికి ఎత్తిన పెన్ను
కొండ కొమ్ము మీద ఆగింది.
కాసేపుండి, మూత పెట్టుకుంది.

"పోనీ, రాత్రి మొత్తం కలిపి ఎంత గోల?
పదికి ఎన్ని మార్కులు?"
పన్నెండు గంటల రొదని ఒక్క అంకెలో పొయ్యమంటుంది.
ఎంత తవ్వినా నాకు చేతికొచ్చినవి రెండే,
ఆ ఆగడమొకటి,
ఇప్పుడు మైకు టోపీ సర్ది
ఆవిడ సంచీ మూస్తున్న
జిప్పు చప్పుడొకటి.