పసుపెక్కిన ఫ్లాస్కు

శుక్రవారం గులాబి రంగు ద్రవం పోసి వెళ్ళాను.
ఆదివారం పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
నిమ్మపండు పసుపు.
తిన్నాయి. తిని, పులియబెట్టాయి.

యశ్వంతపురంలో వాన. కిటికీ అవతల
గూడ్సు బండి ఒకటి కదలకుండా కూత పెడుతోంది.

కాలేయం అసలు ఇచ్చే ఇల్లు.
పగలు మనం తిన్న తీపిని మడతపెట్టి దాచి
అర్ధరాత్రి మెదడు తలుపు తడితే
లెక్క రాసుకోకుండా చేబదులిచ్చేది.
ఈ కణాలూ ఆ ఇంటి పిల్లలే.
ఎప్పుడో తాళం మార్చేశాయి.
చక్కెర లోపలికి రావడమే, బయటికి పోవడం లేదు.
గాలి ఉంది, పొయ్యి ఉంది,
అయినా సగం కాల్చి వదిలేస్తాయి.
వాటికి కావలసింది మంట కాదు, ఇటుకలు,
ఒకటి రెండవడానికి,
రెండు నాలుగవడానికి.
పులిసిందంతా పక్కింటి గుమ్మంలో పారబోస్తాయి.

కింద గేటు దగ్గర మునివెంకటప్ప
తన ఫ్లాస్కు వంచి కాఫీ పోస్తాడు.
"ఇంకా తింటానే ఉండాయామ్మా అవి?"
నాలుగు నెలలుగా ఇదే ప్రశ్న,
భార్య స్కాను కవరు నా చేతికిచ్చిన రోజు నుంచి.
"చక్కెర డబ్బా కడిగి బోర్లించేసినాను.
గంగులమ్మ రాగిగంజి కూడా చప్పగానే తాగతా ఉంది.
ఆకలికి అవే మాడిపోతాయిలే."

తీపి మానేసినా
ఆమె కండనే కరిగించి
చక్కెర వండి పెడుతూనే ఉంటుందని,
కాలేయంలో ఇంకా చెడని ఆ సగమే వండుతుందని
నేను చెప్పలేదు.

కాఫీ చేదుగా ఉంది. మొత్తం తాగాను.
పైకెళ్ళి
వాటికి మళ్ళీ పొయ్యాలి.