శేషం

ఆ రోజు మంచు కిటికీ గట్టు దాకా పేరుకుంది.
అయినా పదకొండు మందీ పనికొచ్చారు.
హాజరు పుస్తకంలో ఒక్కొక్కరికీ
ఒకటి, ఒకటి, ఒకటి అని వేసుకుంటూ పోయి
చివరి గడి దగ్గర కలం ఎత్తి చూస్తే
అది హాజరులా లేదు, ఒక సంఖ్యలా ఉంది:
పదకొండు వందల పదకొండు కోట్ల
పదకొండు లక్షల పదకొండు వేల
నూట పదకొండు.

హాప్సలు అఖాతం గడ్డకట్టి ఉంది.
కిలు చేపలు కిలోల్లో రాసుకుని
పూసల చట్రం మీద జీతాలు తేల్చడం నా ఉద్యోగం.
అంత పెద్ద అంకె మా ఫ్యాక్టరీ ఎన్నడూ సంపాదించలేదు.

"దీన్నెవరూ విడగొట్టలేరు లేహ్తె,"
అన్నాడు పొగ గది ఆర్వెద్, కనురెప్పల మీద మసితో.
"అన్నీ ఒకట్లే. వేలు దూరే సందేదీ?"

రాత్రి పొయ్యి పక్కన మొదలెట్టాను.
మూడు: రెండు మిగిలింది.
ఏడు: మళ్ళీ రెండే.
పదకొండు సొంత మనిషి కదా, కనికరిస్తుందనుకున్నాను;
ఒకటి మిగిల్చి మొహం తిప్పుకుంది.
పదమూడు: తొమ్మిది.

"కనబడ్డ తలుపల్లా తట్టకు,"
అంది ఆల్మా టీచరు, ఉప్పు చేపకని వచ్చి.
"ఆ వరుసని విడదీసే ప్రధాన సంఖ్య ఏదైనా
ఇరవై రెండో ఎక్కానికి ఒక్క అడుగు ముందు నిలబడుతుంది.
ఇరవై మూడు. అరవై ఏడు. ఎనభై తొమ్మిది.
అలా ఎక్కుతూ పో.
ఎందుకో చెప్పాలంటే ఇంకో చేప కావాలి."

ఇచ్చాను. చెప్పింది. సగమే అర్థమైంది.
ఎక్కాను.

రెండు చలికాలాలు.
చిత్తు కాగితం దొరక్క డబ్బాల లేబుళ్ళు తిరగేశాను:
ముందువైపు చేప నవ్వుతుంటుంది,
వీపున నా భాగహారం.
నాలుగొందల చిల్లర మెట్టు దగ్గర కూడిక తప్పి
ముప్పై చేపలు పొయ్యిలో పడ్డాయి.

తొమ్మిది వందల ఎనభై నాలుగో మెట్టు:
ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిది.
దించాను, తీసేశాను, దించాను, తీసేశాను,
కింద ఏమీ లేదు.
పెన్సిల్ ఇంకా దించడానికే వంగి ఉంది.

జత మనిషి పేరు
ఐదు లక్షల పదమూడు వేల రెండు వందల ముప్పై తొమ్మిది.
ఇద్దర్నీ గుణించి చూశాను, మూడు సార్లు.
చట్రానికి తీగలు పదే;
పదకొండో ఒకటిని గోటితో బల్ల మీద గీశాను.

ఆర్వెద్ మొహం చిన్నబుచ్చుకున్నాడు.
"అయితే విరగ్గొట్టావన్నమాట."
నేనెక్కడ విరగ్గొట్టానయ్యా,
మనం పుట్టకముందు నుంచీ అది ఆ ఇద్దరిదే.
వినలేదు. పొగ గది తలుపు వేసుకున్నాడు.

మర్నాడు ఎనిమిదో గడి ఖాళీ.
జ్వరమో, మరేదో.
చేపలు తీగకి వేలాడుతున్నాయి, కట్టెలు రాజుకోలేదు.
పదింటి దాకా చూసి సున్నా వేశాను.
ఏడు ఒకట్లు, ఒక సున్నా, మూడు ఒకట్లు.
సంతకం పెట్టాల్సిన చోట చెయ్యి ఆగింది.

మూడు: ఒకటి మిగిలింది.
ఏడు: మూడు.