దీన్ని ముట్టొద్దు

నారాయణగూడలో జిరాక్స్ షాపు పైన మా ఆఫీసు.
కింద మిషను కదిలితే
పైన నా టేబులు కొంచెం వణుకుతుంది.
ఉన్న ఒక్క సర్వరు మీదే అన్నీ:
మలక్‌పేట బ్లడ్ బ్యాంకు స్టాకు లెక్క,
చాంద్రాయణగుట్ట ఫంక్షన్ హాలు బుకింగులు,
ఏడాదిగా పైసా కట్టని ఒక డ్రైవింగ్ స్కూలు.

శుక్రవారం సాయంత్రం
హాలు వాళ్ళు తేదీలు ఉర్దూలో కూడా కనబడాలన్నారు.
దానికో కొత్త లైబ్రరీ కావాలి.
ఎక్కించాను.
అది తనతో ఇంకో ఏడుగురిని తెచ్చుకుంది,
పెళ్ళికి ఒక్కణ్ణి పిలిస్తే ఆటో నిండా దిగినట్టు.
వచ్చినవాళ్ళు ఊరికే ఉండక
పాతవాళ్ళని లేపి ఆ కుర్చీల్లో కూర్చున్నారు.

చాంద్రాయణగుట్టలో షాదీ తేదీలు మెరిశాయి.
మలక్‌పేటలో తెర తెల్లబోయింది.

రాత్రి పదకొండుకు సులోచనమ్మ ఫోను:
"బాబూ, ఓ నెగెటివ్ ఎన్నున్నయో చెప్తలేదు నీ డబ్బా.
నేనే ఫ్రిజ్జు తీసి లెక్కవెడుతున్న.
చేతులు గడ్డకట్టినయ్."

ముజ్తబా భాయ్ హెల్మెట్ తీయకుండానే వచ్చి
నా తెర చూశాడు.
"గ్రూపు చూడకుండ అందరికీ ఒకటే సీసా ఎక్కించినవ్" అన్నాడు.
ఇంకేం తిట్టలేదు.
తిడితే బాగుండేది.

ఆ రాత్రి గోడలు కట్టాం.
ఒక్కో పనికి ఒక్కో ఫోల్డరు,
దాని లైబ్రరీలు దాని లోపలే.
హాలుకు కొత్తవి.
డ్రైవింగ్ స్కూలుకు, భాయ్ మాటల్లో, దాని కిస్మత్.
బ్లడ్ బ్యాంకుకు మాత్రం పాతవే కావాలి.
ఎంత పాతవి?

అప్పుడు దొరికింది కరుణాకర్ జాబితా.
నేను చేరకముందే మానేసిన మనిషి.
ఇరవై మూడు పేర్లు,
ప్రతి పేరు పక్కన రెండు సమానం గుర్తులు, ఒక నంబరు.
పద్నాలుగో వరుస చివర:
"దీన్ని ముట్టొద్దు. రెండు రాత్రులు పోయినయ్. ఆగస్టు 2016."

భాయ్ చాయ్ తెచ్చేలోపు ఇరవై రెండు దిగాయి.
పద్నాలుగోది ఎక్కడా లేదు.
చేసినవాడే దాన్ని తీసేసుకున్నాడు.
చివరికి బీరువా మీద, దుమ్ములో,
టేపు చుట్టిన హార్డు డిస్కులో దొరికింది.

ఒక ఆజ్ఞ కొట్టి లోపలికి వెళ్ళాను.
కర్సరు ముందు బ్రాకెట్లలో ఆ గది పేరు.
ఆ గదిలో ఇంకా 2016.
బయట మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, రైలు రాలేదు.
చాయ్ పాత రేటుకే.
కరుణాకర్ సిగరెట్టుకని ఇప్పుడే కిందికి దిగినట్టు
కుర్చీ వెచ్చగా ఉంది.

ఇలా ఎంతకాలమో తెలియదు.
ఈ గదికి కొత్త గడియలు రావు.
ఏదో ఒక రోజు ఎవడో
ఆ పాత తాళం తీసే మార్గం కనిపెడతాడు.
ఆ సంగతి భాయ్‌కి తెలుసు, నాకూ తెలుసు.
చాయ్ తాగాం.

నాలుగు గంటలకు సులోచనమ్మ:
"వచ్చింది బాబూ. ఓ నెగెటివ్ మూడు అంటున్నది."
కాసేపు ఏమీ లేదు. ఫ్రిజ్జు తలుపు చప్పుడు.
"రెండే ఉన్నయ్.
ఒకటి ఇందాకనే ఎక్కిచ్చిన్రు. కాయితం మీద రాసిన."

ఆ ఒక్కటీ తగ్గించాను.
బయటికి వస్తే బ్రాకెట్లు మాయం.

పడుకునే ముందు జాబితా మళ్ళీ తెరిచి
పద్నాలుగో వరుసలో
కరుణాకర్ మాటల పక్కన ఇంకో ముక్క చేర్చాను:
"నిజమే. నాదీ ఒకటి పోయింది."