గ్రాసా కొండ, మూడో అంతస్తు

ఫెలిజ్మీనా గారి ఫిర్యాదు ఒకటే:
ట్రాము వెళ్తే అలమరలో కప్పులు గొణుగుతాయి.

నేలమాళిగలో గోడవారగా సెన్సరు పెట్టి
వారం రోజులు లిస్బన్ నాడి పట్టాను.
మలుపు దగ్గర పట్టా అరిగింది,
ఆ వణుకు రాతిలోంచి మెట్లెక్కి
నేరుగా ఆమె వంటింట్లోకే పోతోంది.
నేను మిల్లీమీటర్లలో చెప్పాను.
ఆమె చీలిన నీలి టైలు చూపించింది.

పట్టాల కింద రబ్బరు పరిచాం.
గ్రాఫులో గీత పడుకుంది.
నా రిపోర్టూ పడుకుంది, ఫైల్లో.

సంతకం కోసం వెళ్తే
ఆమె కళ్ల కింద నలుపు.
"పన్నెండూ నలభైకి ఆఖరి బండి.
కప్పులు చెప్పేవి, నిద్రపోయేదాన్ని."

అలమర వైపు చూశాను.
అప్పట్లో కప్పుల మధ్య వేలెడు ఎడం.
ఇప్పుడు
అంచుకు అంచు ఆనించి పెట్టుకుంది.