పేరు చెప్పలేదు

పెళ్ళైన వారానికి మాకు మిగిలినవి
ఆరు గోడగడియారాలు, తొమ్మిది వెంకన్న పటాలు,
పసుపు వేళ్ళ మరకలున్న చదివింపుల పుస్తకం.

కొర్లగుంటలో మేడమీద ఒకటిన్నర గది.
ఆ అర ఏదో ఇంకా తేలలేదు.
వండేటప్పుడు అది వంటిల్లు,
మునిశేఖరు అలిగితే అది ఆయన గది.
గడియారాలు తలా ఒక టైము చెప్తుంటే
ఒక్కదానికే సెల్లు వేసి, తక్కినవి మంచం కిందకు తోశాం.
దేవుణ్ణి అట్లా తొయ్యలేం గదా.
మేకులు నాలుగే కొట్టుకోమన్నాడు ఇంటాయన.
ఒక స్వామి వెనక ఇంకో స్వామి నిలబడ్డాడు
సర్వదర్శనం క్యూలో మనుషుల మాదిరి.

రాత్రి గిన్నెలు కడిగినాక పుస్తకం తీస్తాం.
చెంగల్రాయులు మామ రాత కోడి గీకినట్టుంటుంది,
ఒక్క రూపాయి మాత్రం తప్పదు.
కార్వేటినగరం బావిగడ్డ వాళ్ళు, ఐదువందల పదార్లు.
పుంగనూరు పాలకేంద్రం రెడ్డెమ్మ, స్టీలు బిందె.
కుప్పం చిన్నత్త, వెయ్యిన్నూటపదార్లు,
పక్కన చిన్న అక్షరాలతో: మనం పెట్టింది రెండువేలు.
పెళ్ళంటే ఇంత బాకీ అని
జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టేటప్పుడు
ఎవురూ చెప్పలేదు.

పద్నాలుగో పేజీ అడుగున ఒక లైను:
పేరు చెప్పలేదు, నూటపదార్లు.

మీవాళ్ళే అన్నాను. మీవాళ్ళే అన్నాడు.
రెండు దినాలు ఆ మాటమీదే నడిచింది కాపురం.
మా మొదటి పోట్లాట అదే.
సంగటి రాయి మాదిరి ఉందన్నది
లెక్కలోకి రాదు.

మూడోనాడు వీడియో పెట్టుకుని కూర్చున్నాం.
తలంబ్రాలు దాటి, నా ఏడుపు దాటి
(ఏడుపు కాదది, హోమం పొగ)
రెండో బంతిలో, చివరాకు ముందర
ఒక గుండు. ఆరని గంధం.
ఒళ్ళో లడ్డూల సంచి,
పక్కన ఇంకో చిన్న గుండు, నిద్రకు తూగుతా.
తిరుచానూరు రోడ్డులో ఆ పొద్దు వరసగా నాలుగు పెళ్ళిళ్ళు.
ఏ పందిరనుకుని వచ్చాడో,
ఆకలికి ఏ పందిరైతే ఏం అనుకున్నాడో.
పాయసం తనకొద్దని పిల్లకే ఇంకో గరిటె వేయించాడు.
చెయ్యి కడుక్కుని, పంచెకు తుడుచుకుని
స్టేజీ వైపు రాలేదు.
మామ బల్ల దగ్గర ఒక్క నిమిషం వంగాడు.
అంతలో కెమెరా మా పిన్నుల నగలమీదకు పోయింది.

మునిశేఖరు వెనక్కి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.
"ఈయనకు యాడని ఇచ్చేది?" అన్నాడు.

ఆషాఢం అయి నేను పుట్టింటినుంచి తిరిగొచ్చిన వారం,
వాన, కరెంటు లేదు, తలుపు చప్పుడు.
లాడ్జీ అనుకుని మెట్లెక్కినారు,
ఒక ముసలామె, కోడలు, ఇద్దరు పిల్లోళ్ళు,
నాలుగు గుండ్లమీదా వాననీళ్ళు.
శ్రీకాకుళం పక్క. సంగటిముద్ద చూసి
"ఇదేటమ్మా?" అంది ముసలామె,
ఊరుబిండి నంజుకుని ఇంక మాట్లాడలేదు.
పిల్లోళ్ళు మంచం కిందకు దూరి
"ఇన్ని గడియారాలు ఎందుకక్కా?" అన్నారు.
వాళ్ళు ఆ అరలో పడుకున్నారు.
ఆ రాత్రి అది ఏ గదో మేం అనుకోలేదు.

తెల్లారి మెట్లు దిగుతా ముసలామె నా పేరడిగింది.
నవ్వి ఊరుకున్నాను.

లోపలికొస్తే పద్నాలుగో పేజీ తెరిచి
పెన్ను మూత తీస్తున్నాడు ఆయన,
పక్కన 'వాపసు' అని రాయడానికి.
చెయ్యి పట్టుకున్నాను.
కుప్పం చిన్నత్తది తీర్చేద్దాం, వడ్డీతోనైనా.
ఇది ఉండనీ.

కాసేపు నా మొహం చూసి, పేజీ తిప్పి
పాల లెక్కలో రాసుకున్నాడు:
రోజూ అర లీటరు,
ఈ దినం రెండు.